చేతిఫోను వార్తయు, పల్లె యారోగ్యమును

2020వ సంవత్సరపు ఫిబ్రవరి, మార్చి నెలలు కోళ్ల పెంపకమునందున్న మన రైతులు మఱచునవి కావు. చైనా దేశమున బుట్టిన క్రొత్త రోగము మన పల్లెలకు వచ్చుటకు మున్నే దానిని గూర్చిన పుకారు వచ్చి చేరెను. కోడిమాంసము తిన్నవారికి కరోనా యంటుకొనునని యొక మాటయు, దానికి తోడుగా రోగముతో దూలుచున్న కోళ్ల బొమ్మ యొకటియు ఫోనునుండి ఫోనునకు బోవజొచ్చెను. ఆ బొమ్మలోని కోళ్లు ఏ యూరివి, ఏ యేటివి యని యడిగినవారు లేరు. కోడిధర పెంపకపు ఖర్చునకు దిగువగా బడిపోయెను. కర్ణాటకమునందు ఒక రైతు మేత పెట్టలేక, అమ్మలేక, వేలకొలది కోడిపిల్లలను గోతిలో పూడ్చివేసిన వార్త మార్చి నెలలో దేశమంతట వినవచ్చెను. కోడి తినువారు తగ్గినపుడు మొక్కజొన్న కొనువారును తగ్గుదురు గనుక, కోడి మొగమే యెఱుగని మెట్టరైతునకు సయితము ఆ దెబ్బ తగిలినది. ఫిబ్రవరి చివరను హైదరాబాదులో తెలంగాణ మంత్రులు తారక రామారావు, ఈటల రాజేందర్ మొదలగువారు సభాముఖమున కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. కోడివలన ఆ రోగము రాదని వైద్యు లంతకు ముందే చెప్పియుండిరి. వారి మాట నడచి వచ్చుచుండగా పుకారు పరుగెత్తి పోయినది.

ఈ ముచ్చట మొదట జెప్పుటకు గారణము కలదు. వాట్సాపు, ఫేసుబుక్కు, యూట్యూబు అనునవి పట్టణపు కుఱ్ఱవాండ్ర కాలక్షేపమనియు, వ్యవసాయదారునకు వానితో బనిలేదనియు దలచు పెద్దలు మన సభ్యులలో ఇంకను గలరు. వారి యింట ఆ యంత్రము లేకున్నను, దానిలో బోయిన యొక యసత్యము వారి పంట ధరను దించగలదు. వారి బిడ్డకు వేయవలసిన టీకాను ఆపగలదు. 2017లో తట్టు, రుబెల్లా టీకా వేయుటకు గవర్నమెంటువారు పూనుకొన్నపుడు తమిళనాడునందు ఇట్టి ఫోను వదంతులచేతనే పలువురు తలిదండ్రులు బిడ్డలను బడికి బంపక దాచిరి. కావున దీనినుండి తొలగియుండుట మన చేతిలో లేదు. దీనిని మన యారోగ్యమునకు బనికివచ్చునట్లు వాడుకొనుట యెట్లన్నదే యాలోచింపదగినది.

పుకారునకు ఫోనునందు బలమెట్లు వచ్చునో మొదట గ్రహింపవలెను. దండోరా వేయువాడు ఊరివాడు; అతడు తప్పు చాటినచో మఱునాడు నిలదీయవచ్చును. వాట్సాపు వార్త యట్లు కాదు. అది మన బావమఱది పేరనో, మేనమామ పేరనో వచ్చును. పంపినవాడు నమ్మదగినవాడు గనుక వార్తయు నమ్మదగినదే యని మనసు చెప్పును. వానికెవరు పంపిరో, వారి కెవరు పంపిరో మనకు దెలియదు. 2020 ఏప్రిలులో చిత్తూరు జిల్లాయందు రెండు కుటుంబములవారు ఉమ్మెత్త గింజల రసము త్రాగి యాసుపత్రి పాలైరి. ఉమ్మెత్తకాయ ముండ్లతో గుండ్రముగా కరోనా క్రిమి బొమ్మవలెనే యున్నది గనుక అదియే దానికి విరుగుడని టిక్‌టాకులో నొకరు చూపిన చిత్రమే దానికి మూలము. గట్టుమీద మేయు గొడ్డు సయితము మూతి త్రిప్పుకొను మొక్క యది. అది విషమని యెఱుగని పల్లెబిడ్డ యుండడు. అయినను భయము పట్టినపుడు తాతలనాటి తెలివికంటె ఫోనులోని బొమ్మకే బలమెక్కువయైనది.

అంతకు రెండేండ్ల మున్ను, 2018లో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వాట్సాపు వదంతిచే దేశమున బలుచోట్ల అమాయకులు చంపబడిరి. ఆ జూలై నెలలో బీదరు జిల్లాయందు ఊరిజనులు కొట్టి చంపినది హైదరాబాదునుండి వచ్చిన యొక సాఫ్టువేరు యుద్యోగిని. ఆ దినములలోనే జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా నుండిన రెమా రాజేశ్వరి చేసిన పని మన మెఱుగదగినది. ఆమె యొక్కొక్క కానిస్టేబులునకు గొన్ని పల్లెల నప్పగించి, వారిని ఆయా గ్రామముల వాట్సాపు బృందములలో జేర్పించి, అబద్ధము వచ్చిన గడియలోనే దానికి సమాధానము పోవునట్లు చేసెను. అంతతో నిలువక, తప్పెట కొట్టించి, పాట గట్టించి, రచ్చబండకడ జనులకు జెప్పించెను. ఫోనులో బుట్టిన భయమును ఫోనొక్కటియే తీర్పలేదని ఆమె గ్రహించినది. ఆరోగ్య విషయమునను ఇదే మార్గము.

ఆ హత్యల పిదపనే వాట్సాపు కంపెనీవారు కొన్ని కట్టుబాట్లు పెట్టిరి. 2018 జూలైనుండి మన దేశమున నొక వార్తను ఒక్కసారి అయిదు చోట్లకు మించి పంపుటకు వీలు లేకుండ జేసిరి. ఒకరినుండి తెచ్చి పంపినదానిపై చిన్న బాణపుగుర్తు కనబడును. పెక్కుచేతులు మారి వచ్చినదానిపై రెండు బాణములు జంటగా నుండును. అట్టి జంటబాణపు వార్తను 2020 ఏప్రిలునుండి ఒక్కసారికి ఒక్క చోటికే పంపవచ్చును. దానివలన అట్టి వార్తల రాకపోకలు నూటికి డెబ్బదివంతులు తగ్గినవని కంపెనీవారే ప్రకటించిరి. సభ్యులు ఈ జంటబాణములను గుర్తుంచుకొనవలెను. అవి కనబడినచో వ్రాసినవాడు మన బంధువు కాడనియు, ఊరు పేరు లేని యొకడనియు తెలిసికొనవచ్చును. మఱియు, వార్తలో తేదీ యున్నదా, చెప్పిన వైద్యుని పేరును, ఆసుపత్రి పేరును గలవా, "వెంటనే పదిమందికి పంపుడు" అను తొందర యున్నదా యని చూడవలెను. నిజమైన వైద్యసలహా తనను పదిమందికి బంపుమని బ్రతిమాలదు.

ఇక మంచికి వాడుకొను విధము. ఆరోగ్యమనగా అన్ని రోగములును బృందములో బెట్టి ప్రతిదినమును నాలుగు ఉపదేశములు పంపుట కాదు. ఉదయము లేచినది మొదలు పూలబొమ్మలును శుభోదయములును రాలుచుండగా వాని నడుమ బడిన మంచి మాట గడ్డివామిలో సూదివలె బోవును. మన పల్లెకు నిజముగా బ్రాణాపాయమైన యొక్క విషయమును బట్టుకొని, దానినే తుదముట్ట సాధించుట మేలని నా తలంపు. సేద్యగానికి అట్టి దేదియని యడిగినచో, తొలకరి ముంగిట నిలిచి నేను పాముకాటునే చెప్పుదును.

2020లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధన ప్రకారము, 2000 మొదలు 2019 వఱకు ఇరువదేండ్లలో మన దేశమున పాముకాటుచే జచ్చినవారు సుమారు 12 లక్షలు. అనగా సాలునకు సగటున 58,000. అందు నూటికి డెబ్బది వంతుల మరణములు ఎనిమిది రాష్ట్రములలోనే జరిగినవి. ఆంధ్ర, తెలంగాణ సీమలు ఆ లెక్కలో నున్నవి. చచ్చినవారిలో సగముమంది జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే, అనగా మనము దుక్కి దున్ని, నాట్లు వేసి, కలుపు తీయు దినములలోనే చచ్చిరి. పలువురు ఆసుపత్రి గడప త్రొక్కకయే చచ్చిరి. దీనికి మందు లేదా యనగా, ఉన్నది. మన దేశమున ప్రాణములు తీయు పాములలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషమునకును ఒక్కటే సూదిమందు పనిచేయును. గవర్నమెంటు ఆసుపత్రులలో దానికి వెల లేదు. మందు కలదు, మనిషియు గలడు. రెంటికి నడుమ గడచిపోవు కాలమే చంపుచున్నది. మంత్రగానికడ రెండు గంటలు, పసరు మందుకడ ఒక గంట, బండి దొరకుటకు మఱియొక గంట, చేరిన ఆసుపత్రిలో మందు లేక వేఱొక పట్టణమునకు బోవుటకు ఇంకొక రెండు గంటలు. ఈ గంటలను తగ్గించుటయందే ఫోను మనకు అక్కఱకు వచ్చును.

మంత్రమువలన బ్రదికినవారున్నారు గదా యని వృద్ధు లడుగుదురు. ఉన్నారు. కఱచిన పాములలో విషము లేనివే యనేకము. విషసర్పము కఱచినను ఒక్కొక్కప్పుడు విషము దింపదు. అట్టివారు మంత్రము లేకున్నను బ్రదుకుదురు. మంత్రగాని కీర్తి యట్లు పెరిగినది. కట్లపాము సంగతి మఱింత మోసకరమైనది. అది రాత్రివేళ నేలపై నిద్రించువానిని కఱచును. నొప్పియు వాపును అంతగా నుండవు. గాటు సయితము కనబడకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి యనును, గొంతు పట్టినదనును, కనురెప్పలు వ్రాలును, పిదప ఊపిరి నిలుచును. అజీర్తి యని యింటిలో సోడా త్రాగించుచు గూర్చుండిన కుటుంబము లెన్నియో! నేలపై బరుండి లేచినవాని రెప్పలు వ్రాలుచున్నచో పామును జూడకున్నను ఆసుపత్రికి బోవలెనను నీ యొక్క మాట ప్రతి యింటను తెలిసినచో ఎందఱో దక్కుదురు.

ఈ పత్రిక భాష వేఱు, ఫోనులో బోవలసిన మాట వేఱు. అది వాడుకమాటలో, అఱచేతి వెడల్పునకు మించకుండ నుండవలెను. చదువరాని వారి కొఱకు అదే మాటను ఊరివారెఱిగిన గొంతుతో, ఆశా కార్యకర్త చేతనో, నర్సమ్మ చేతనో పలికించి పంపిన మఱియు మంచిది. మాదిరికి ఇట్లుండవచ్చును:

"పాము కరిస్తే కంగారు పడొద్దు. కరిచిన చోట కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఉంగరాలు, కడియాలు, పట్టీలు తీసెయ్యండి. కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద ఆనించి గుడ్డతో వదులుగా కట్టండి. మనిషిని నడిపించొద్దు. 108కి ఫోన్ చెయ్యండి, లేదా దొరికిన బండిలో వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును చంపడానికి వెనక పడొద్దు. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకోండి."

దీనికి తోడు ఇంకొక ముక్క చేరవలెను. అది ఏ వైద్యగ్రంథమునను దొరకదు, మన సంఘమే కూర్చవలసినది. మన యూరికి దగ్గఱగా ఏ యాసుపత్రిలో విషహరపు మందు నిలువ యున్నది? రాత్రివేళ వైద్యుడుండునా? ఊపిరి యందించు యంత్రము ఎక్కడ గలదు? 108 బండి వచ్చులోపల మనయూర నెవరి కారు, ఎవరి ఆటో బయలుదేఱగలవు? సంఘ కార్యదర్శి మృగశిర కార్తెకు ముందుగా ఆసుపత్రికి స్వయముగా బోయి, యడిగి తెలిసికొని, తేదీ వేసి బృందములో బెట్టవలెను. మాసమున కొకమాఱు దానిని సరిచూచి మరల బెట్టవలెను. నిరుటి సమాచారము అబద్ధముతో సమానము.

బృందము నడుపుటలోను గొంత కట్టుదిట్టము కావలెను. ఎరువుల రాక, అప్పు వాయిదాలు, ఎన్నికల తగవులు, పెండ్లి పిలుపులు అన్నియు నొక్కచోట గలిపినచో కాటు వేసినవాని కేక యెవరికి వినబడును? ఆరోగ్యమునకు వేఱొక బృందముండి, అందు నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు ఏర్పాటు చేయవచ్చును. వాట్సాపులో నట్టి వీలు కలదు. నిర్వాహకులలో వైద్యశాఖవారొకరుండుట యవసరము. నర్సమ్మయో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడో ఒప్పుకొనక "సరి" యని వ్రాయక ఏ మందు పేరును బృందములోనికి రాగూడదు.

చెప్పుట యొకపని, అడుగుట మఱియొకపని. మందు లేదని తిప్పి పంపినచో మనము చేయునదేమి? సాధారణముగా నెవరో కోపముతో వైద్యుని తిట్టుచు వీడియో తీసి యూట్యూబున బెట్టుదురు. రెండు దినములు గోల జరుగును. మూడవ దినమున వేఱొక వీడియో వచ్చును. మందు మాత్రము రాదు. ఆ వైద్యుడు నిలువకొఱకు నెన్ని జాబులు వ్రాసెనో మనకు దెలియదు. అంతకంటె సంఘము ఒక పట్టిక వ్రాసియుంచుట మేలు: ఏ తేదీని, ఏ వేళకు కాటు పడినది, ఎన్నింటికి ఆసుపత్రి చేరిరి, అక్కడ మందున్నదా, లేనిచో నెక్కడికి బంపిరి. రోగి పేరు, మొగము, ఇంటిగుర్తు ఇందు ఉండరాదు. ఒకరి వేదన ఊరివారికి వినోదము కారాదు. ఒక ఖరీఫుకాలమున నిట్టివి పది కూడినచో అది అర్జీ యగును. దానిని సంఘ తీర్మానముతో జేర్చి వైద్యాధికారికి, పిదప జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి, సోమవారపు అర్జీల దినమున కలెక్టరునకు ఇచ్చి, ఇచ్చిన రసీదును బృందములో బెట్టవలెను. అప్పటికిని జవాబు రాకున్న, 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద మందు నిలువ లెక్క నడుగవచ్చును; ముప్పది దినములలో జవాబీయవలెను. జాబు, రసీదు, జవాబు మూడును నలుగురి కంటబడుచుండగా ఏ కచేరీయందును కాగితము నిద్రింపదు.

ఈ లెక్క వ్రాయుటలో నింకొక ప్రయోజనమున్నది. పాముకాటు చావులలో బెక్కు ఆసుపత్రి పుస్తకములకెక్కవు. ఎక్కనిదానికి మందు కేటాయింపు ఉండదు. ప్రపంచారోగ్య సంస్థవారు 2017లో దీనిని ఉపేక్షింపబడిన ఉష్ణదేశ రోగములలో జేర్చిరి. 2024 మార్చిలో భారత ప్రభుత్వము పాముకాటు నివారణకై జాతీయ కార్యప్రణాళికను బ్రకటించి, 2030 నాటికి మరణములను సగమునకు దగ్గింపవలెనని గుఱి పెట్టుకొన్నది. ప్రతి కాటును ఆసుపత్రులు ప్రభుత్వమునకు దెలుపవలెనని ఆ యేటి ఫిబ్రవరిలోనే కర్ణాటకము శాసించెను. నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారు ఎల్ల రాష్ట్రములను అట్లే చేయుమని కోరిరి. పైవారు గుఱి పెట్టిరి. లెక్క మాత్రము పల్లెనుండియే పోవలెను.

ఆసుపత్రి కాగితమునకు మఱియొక విలువయు గలదు. బ్యాంకు ఖాతా గల 18 మొదలు 70 ఏండ్లలోపువారికి సాలునకు 20 రూపాయలతో వచ్చు ప్రధానమంత్రి సురక్షా బీమాయందు పాముకాటు చావును ప్రమాదముగానే యెంతురు. కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. కాని కాటు వేసినవెంటనే ఆసుపత్రిలో వ్రాయబడిన రుజువు కావలెను. మంత్రగాడు రసీదు వ్రాయడు. ఖాతాలో ఇరువది రూపాయలు లేక బీమా తప్పిపోయిన సభ్యులకు ప్రతి మే నెలను బృందములో జ్ఞాపకము చేయుట కార్యదర్శికి రెండు నిమిషముల పని.

సహకార పత్రిక గనుక ఒక్కమాట ఈ సందర్భమున జెప్పక తప్పదు. మన దేశపు విషహరపు మందునకు వలయు విషములో బెద్దభాగము ఒక సహకార సంఘమునుండియే వచ్చుచున్నది. మద్రాసునకు దక్షిణమున సముద్రతీరమందలి వడనెమ్మేలి యను గ్రామమున ఇరుళ పాములవారి పారిశ్రామిక సహకార సంఘము 1978లో స్థాపింపబడెను. ఇరుళులు పూర్వము పాముచర్మములు అమ్మి బ్రదికినవారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టమును, పిదప చర్మముల యెగుమతి నిషేధమును వచ్చుటతో వారి కూడు పోయెను. అప్పుడు రోములస్ విటేకర్ మొదలగువారి తోడ్పాటుతో సంఘము పెట్టుకొని, ప్రభుత్వపు అనుమతితో పాములను బట్టి, కొన్ని వారములుంచి, విషము పిండుకొని, మరల అడవిలో విడిచిపెట్టుచున్నారు. ఆ విషమును మందుల కంపెనీలు కొని, కొద్దికొద్దిగా గుఱ్ఱములకు ఎక్కించి, వాని నెత్తుటినుండి మందు చేయుదురు. ఒక్కొక్క సీమలో పాము విషము కొంత భేదించుననియు, ఒకచోటి విషముతో జేసిన మందు అన్నిచోట్ల సమముగా బనిచేయదనియు పరిశోధకులు చెప్పుచున్నారు. అది పైవారు తీర్పవలసిన చిక్కు. మనకు దెలియవలసిన దేమనగా, మన కాలికి గాటు పడిననాడు మనలను గాచునది మనవంటి పేదవారే కూడి పెట్టుకొన్న యొక సంఘపు కష్టమని.

ఫోనుపై నింత చెప్పి, ఫోను లేనివారి మాట విడువరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఎప్పుడైనను ఇంటర్నెట్టు వాడితిమని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది, తెలంగాణమున 26 పైచిలుకు మాత్రమే. ఆ పిదప ఫోనులు పెరిగియుండవచ్చును. అయినను మన యిండ్లలో ఫోను యజమాని చొక్కాజేబులో నుండి, యజమాని పొలములో నుండును. ఇంటనుండి వంటచెఱకు తీయుచు, పేడకుప్పకడ చేయిపెట్టుచు, నాట్ల మళ్లలో వంగుచు నుండునది స్త్రీ. 2021లో కరోనా టీకాకు మొదట ఫోనులోనే పేరు వ్రాయించుకొనవలెనన్నపుడు పట్టణపువారు వచ్చి పల్లె ఆసుపత్రులలో సూది వేయించుకొనిపోవుట మనలో బలువురు చూచినదే. పిదపగాని నేరుగా వచ్చినవారికి వేయుటకు అనుమతి రాలేదు. కాబట్టి బృందములో బెట్టిన ప్రతి మాటయు మహిళా సంఘముల సమావేశమున నోటితో జెప్పబడవలెను. బడిపిల్లలచేత ఇంటింట జదివింపబడవలెను.

ఈ సాలు విత్తనముల పంపిణీనాటికి, పైన జెప్పిన ఆసుపత్రుల పట్టికను పెద్దయక్షరములతో వ్రాయించి, ఎరువుల గిడ్డంగి తలుపుమీదను, పాలకేంద్రముకడను అంటింపవలెనని సంఘ కార్యదర్శులను గోరుచున్నాము. విత్తన మూటతోపాటు ప్రతి సభ్యునకు ఆ కాగితపు ప్రతి యొకటి ఈయవలెను. రాత్రి నీరుగట్టుటకు బోవువారు చేతిదీపమును, మోకాలి దిగువదాక వచ్చు బూట్లను విడువరాదు. ఇంట నేలపై బరుండువారు మంచమెక్కి, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపుకొనవలెను. ఆ కాగితమున ఈ రెండు ముక్కలును చేర్చుటకు చోటుండును.